సంతకం చేసినవాడు పోయాక

మన దేశంలో 1994లో వచ్చిన మానవ అవయవాల మార్పిడి చట్టం మూడో సెక్షన్‌లో ఒక సంగతి తేటగా ఉంది. ఒక మనిషి బతికుండగా ఇద్దరు సాక్షుల ఎదుట, వాళ్లలో కనీసం ఒకరు దగ్గరి బంధువై ఉండగా, తాను పోయాక అవయవాలు తీసుకోవచ్చని రాసిచ్చాడనుకుందాం. తర్వాత మనసు మార్చుకున్నాడని అనుకోవడానికి కారణమేదీ లేకపోతే, మృతదేహం ఎవరి ఆధీనంలో ఉందో వాళ్లు ఆ కోరిక తీరడానికి వీలు కల్పించాలి. చట్టం చెప్పేది ఇదీ. ఆసుపత్రుల్లో నడిచేది వేరు. దాత కార్డున్నా లేకపోయినా ఇంటివాళ్లను అడుగుతారు. వాళ్లు వద్దంటే అంతటితో సరి.

ఈ తేడా గురించి మా ఇంట్లో ఇద్దరు ఎప్పుడు కలిసినా వాదించుకుంటారు. మా బాబాయి తెనాలిలో సివిలు వకీలుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆయన చేత్తో రాసిన వీలునామాలు లెక్కలేనన్ని. మా చెల్లెలు విజయవాడలో ఐసీయూ నర్సుగా మొదలుపెట్టి ఇప్పుడు అవయవ మార్పిడి కోఆర్డినేటర్‌గా ఉంది. అవయవాలు దొరికితే తప్ప పని నడవని ఆమె, ఇంటివాళ్ల మాట కాదనకూడదంటుంది. ఏ ఆసుపత్రితోనూ సంబంధం లేని ఆయన, సంతకం ఉన్నాక ఇంకెవర్నీ అడగొద్దంటారు. సంక్రాంతికి అందరం కలిసినప్పుడు వాళ్లు మాట్లాడుకున్నవి గుర్తున్నంత మేరకు రాస్తున్నాను. నేనెవరి పక్షమో దాచను, అది మధ్యలో వస్తుంది.

బాబాయి: నేను రాసిన వీలునామా ఒక్కటీ పిల్లల్ని అడిగి అమలు చేసింది కాదు తల్లీ. పెద్దాయన రెండెకరాలు గుడికి రాశాడంటే రాశాడంతే. కొడుకులు కోర్టుకెక్కితే జడ్జి చూసేవి సంతకం ఆయనదేనా, తెలివిలో ఉండి పెట్టాడా, ఎవరైనా ఒత్తిడి చేశారా అన్నవే. ‘మీకు సమ్మతమేనా నాయనా’ అని ఎవరూ అడగరు. పొలం మీద ఉన్నపాటి హక్కు మనిషికి తన గుండె మీద, తన మూత్రపిండాల మీద ఉండదా? కార్డు మీద సంతకం పెట్టినవాడు పడిపోగానే మీరు పోయి భార్యను అడుగుతారు, బావమరిదిని అడుగుతారు, ఊరి నుంచి దిగిన పెదనాన్నను అడుగుతారు. వాళ్లలో ఒకరు తల అడ్డంగా ఊపితే చాలు. ఇంక ఆ కార్డు ఎందుకు?

చెల్లెలు: వీలునామా రాసిన పెద్దాయన పోయాడని అందరికీ తెలుసు బాబాయ్. దినవారాలు అయ్యాక గానీ మీ దగ్గరికి ఎవరూ రారు. నా దగ్గరున్నవాళ్లకు ఆ చావు ఇంకా కనపడలేదు. చెయ్యి పట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. ఛాతీ లేచి పడుతుంటుంది. యూరిన్ బ్యాగు నిండుతుంటుంది. ‘గుండె కొట్టుకుంటోంది కదమ్మా, పోయాడంటావేంటి’ అని అడుగుతారు. ఆ మాటకు జవాబుగా కార్డు తీసి చూపించమంటారా?

బాబాయి: ముందు చావు సంగతి చెప్పు. తర్వాత కార్డు చూపించు. వరస మార్చమనలేదు నేను.

చెల్లెలు: చెప్పడమే కదా కష్టం. బ్రెయిన్ డెడ్ అని నలుగురు డాక్టర్లు రాయాలి. మార్పిడి చేసే బృందంలో ఉన్నవాళ్లెవరూ ఆ నలుగురిలో ఉండకూడదు. పరీక్షలన్నీ ఒకసారి చేసి, కనీసం 6 గంటలు ఆగి మళ్లీ చేయాలి. కంట్లో టార్చి వేసి చూస్తారు, చెవిలో చల్లటి నీళ్లు పోసి కళ్లు కదులుతాయేమో చూస్తారు. చివరిది ఆప్నియా టెస్టు. ఒకసారి ఒక తండ్రి ఎంతకీ నమ్మకపోతే డాక్టరు గారు ఆయన్ను లోపలికి రమ్మని మంచం పక్కన నిలబెట్టారు. వెంటిలేటర్ విడదీశారు. గొట్టంలోంచి ఆక్సిజన్ మాత్రం వదులుతున్నారు. దుప్పటి తీసేసిన ఛాతీ మీదే అందరి కళ్లూ. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగేకొద్దీ మెదడు కాండంలో ఏమాత్రం ప్రాణమున్నా శ్వాస కోసం పొట్ట ఎగదన్నాలి. ఆ వాయువు ఒత్తిడి 60 దాటేదాకా చూస్తారు, అందుకు 8 నుంచి 10 నిమిషాలు పడుతుంది. ఆ పిల్లాడి పొట్ట కదల్లేదు. తండ్రి తన ఊపిరి తనే బిగబట్టుకుని చూశాడు, ఆగలేక వదిలాడు, మళ్లీ బిగబట్టాడు. మళ్లీ వెంటిలేటర్ తగిలించేసరికి ‘పోయాడమ్మా’ అన్నాడు. దానానికి ఆయన ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. కొడుకు పోయాడని మాత్రం ఆయనకు తెలిసింది. నేనైతే ఆ రోజు నా పని పూర్తయిందనే అనుకున్నాను.

బాబాయి: నీ పని పూర్తయింది సరే. అవయవం కోసం లిస్టులో ఉన్నవాడి సంగతి? మన రాజమండ్రిలో పుట్టిన డాక్టర్ వేణుగోపాల్ గారు ఢిల్లీ ఎయిమ్స్‌లో 1994 ఆగస్టు 3న దేశంలో మొదటిసారి గుండె మార్పిడి విజయవంతంగా చేశారు. చట్టానికి రాష్ట్రపతి ఆమోదం వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు. ఆ తేదీనే ఇప్పుడు అవయవదాన దినం చేసుకుంటున్నాం. ఇన్నేళ్ల తర్వాత, 2023లో, దేశమంతటా చనిపోయాక అవయవాలిచ్చినవాళ్లు 1,099 మంది. అందులో 252 తెలంగాణవే. జీవన్‌దాన్ లాంటి పథకం గట్టిగా నడిచినచోట ఆ మాత్రం ఉంది, మిగతా చోట్ల అదీ లేదు. నూట నలభై కోట్ల జనంలో అదా లెక్క? స్పెయిన్ 1979లోనే చట్టం చేసుకుంది: వద్దని చెప్పనివాళ్లంతా దాతలే. మనమూ అంతే చేద్దాం. మౌనం అర్ధాంగీకారమని పెద్దలే అన్నారు.

చెల్లెలు: ఆ మాట పెళ్లిచూపుల్లో మన ఇళ్లల్లోని ఆడపిల్లలకు ఎంత అన్యాయం చేసిందో అత్తయ్యల్ని అడగండి. ఇక స్పెయిన్ సంగతంటారా, చట్టం 1979లో వచ్చింది, దాతలు పెరిగింది మాత్రం 1989లో వాళ్లు జాతీయ సంస్థ పెట్టి, ఆసుపత్రుల్లో కోఆర్డినేటర్లుగా డాక్టర్లను కూర్చోబెట్టాక. ఈనాటికీ అక్కడ ఇంటివాళ్లను అడగనిదే చెయ్యి వెయ్యరు. వేల్స్‌లో 2015లో, ఇంగ్లండ్‌లో 2020లో అలాంటి చట్టమే వచ్చింది. అక్కడా ఇంటివాళ్లతో మాట్లాడతారు. అడక్కుండా తీసుకుంటామన్న దేశం బ్రెజిల్. 1997లో చట్టం తెచ్చింది, జనం ‘దాతను కాను’ అని గుర్తింపు కార్డుల మీద రాయించుకోవడానికి వరస కట్టారు, మరుసటి ఏడాదే వెనక్కి తీసుకుంది. మన దగ్గర వద్దని చెప్పుకోగలిగేది ఎవరు బాబాయ్? నెట్టు, పోర్టలు తెలిసినవాళ్లు. రంపచోడవరం కొండల్లోంచి అంబులెన్సులో వచ్చినామె ఎక్కడికెళ్లి వద్దని రాయించుకుంటుంది? ఎముకల కోసం దధీచి దగ్గరికి వెళ్లినప్పుడు దేవతలంతటివాళ్లు కూడా చేతులు జోడించి అడిగారు.

బాబాయి: అడిగారు. ఎవర్ని? దధీచిని. ఆయన భార్యను కాదు!

చెల్లెలు: కాదు. అందుకే ఆవిడ తిరిగొచ్చి సంగతి తెలుసుకుని దేవతల్ని శపించింది. శివపురాణం మీరే కదా మాకు చెప్పింది. సువర్చ కథ అక్కడ వదిలేసి ఎముకల కథ ఒక్కటే పట్టుకుంటే ఎలా?

బాబాయి: శపించింది, నిజమే. కానీ వజ్రాయుధం ఆగలేదు, వృత్రుడు చావకుండా ఉండలేదు. దధీచి మాటే నిలిచింది. ఆవిడ దుఃఖం న్యాయమైనదే, ఆ దుఃఖానికి ఆయన మాటను రద్దు చేసే అధికారం లేదు. నేననేది అదే.

(ఇక్కడ బాబాయిదే పైచేయి అనిపించింది నాకు. మనం దధీచి త్యాగాన్ని ఎన్నిసార్లో చెప్పుకుంటాం. ఆ ఇంట్లో మిగిలిపోయినామె ఏమందో మాత్రం చెప్పుకోం. ఆ పేరు తెలిసినవాళ్లే తక్కువ. చెల్లెలు ఆ పేరు తేవడం, దాన్నే బాబాయి తన వాదానికి వాడుకోవడం, రెండూ నాకు కొత్తే.)

చెల్లెలు: సరే, దధీచి తెలిసే ఇచ్చాడు. ఫోన్లో ఆధార్ నంబరు కొట్టి ఓటీపీ రాగానే ప్రతిజ్ఞ అయిపోయిన పిల్లవాడికి ఏం తెలుసు? కాలేజీలో ఆగస్టు 3న క్యాంపు పెడతారు, సర్టిఫికెట్ వస్తుంది, స్టేటస్‌లో పెట్టుకుంటాడు. ఇంట్లో చెప్పడు, చెబితే అమ్మ తిడుతుందని. రేపు బైకు మీంచి పడితే ఆ సర్టిఫికెట్ పట్టుకుని నేను ఆ అమ్మ దగ్గరికి వెళ్లాలి.

బాబాయి: అలాంటి సంతకాన్ని నేనూ సంతకమనను. అందుకే కదా చట్టం సాక్షుల్ని పెట్టింది, ఒకరు ఇంటివాళ్లుండాలంది. కోర్టులో నిలిచే పత్రం గురించే నా వాదన. భార్య సాక్షి సంతకం పెట్టింది, ఐసీయూ బయట ఆవిడే వద్దంటోంది. అప్పుడు?

చెల్లెలు: అప్పుడు కూడా ఆపుతాను.

బాబాయి: అయితే ఇంకో మాట అడుగుతాను. బతికుండి కిడ్నీ ఇచ్చేవాళ్లలో ఆడవాళ్లెంతమంది?

చెల్లెలు: దేశం మొత్తం చూస్తే ఐదుగురిలో నలుగురి దాకా. తీసుకునేవాళ్లలో మగవాళ్లు అంతమంది.

బాబాయి: ఆ ఆడవాళ్లంతా ఇష్టపడే ఇచ్చారా?

చెల్లెలు: అనుమతులిచ్చే కమిటీ ముందు కూర్చోబెట్టి వీడియో తీస్తూ అడుగుతారు. ‘నా ఇష్టమే సార్’ అంటారు. ముందురోజు రాత్రి వార్డు వరండాలో అత్తగారు ఆ పిల్లకు అన్నం కలిపి పెట్టడం చూస్తాను. పెళ్లయిన ఆరేళ్లలో ఎప్పుడూ పెట్టి ఉండదు. కొందరు ప్రేమతోనే ఇస్తారు, నిండు మనసుతో ఇస్తారు. కొందరికి మరో దారి ఉండదు. ఎవరు ఏ రకమో ఆ గదిలో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు.

బాబాయి: చూశావా, ఇల్లంటే ఒక్క గొంతు కాదు. ఆ ఇంట్లో కోడలి శరీరం మీద ఆమె బతికున్నన్నాళ్లూ అందరూ నిర్ణయాలు చేశారు. పిల్లలెప్పుడు, ఆపరేషనెప్పుడు, కిడ్నీ ఎవరికి, అన్నీ వాళ్లవే. ఆమె తనంతట తాను పెట్టిన సంతకం జీవితంలో ఆ కార్డు మీదే ఒక్కటి. ఆమె పోయాక దాన్ని కూడా అత్తగారి చేతిలో పెడతానంటున్నావు. కుటుంబం మాట గౌరవించడమంటే అక్కడ అర్థమేమిటి?

చెల్లెలు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆమె అన్నది యథాతథంగా రాయాలని ప్రయత్నిస్తున్నాను, ఎందుకంటే ఈ సంవాదమంతటిలో నన్ను ఒకవైపు లాగినది అదే.

చెల్లెలు: ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు బాబాయ్. ఆ కోడలి విషయంలో మీరన్నదే న్యాయం. కానీ నేను అడిగే పరిస్థితి ఎలా ఉంటుందో పూర్తిగా చెప్పలేదు మీకు. నలుగురు డాక్టర్ల పరీక్ష గురించి చెప్పాను కదా. అది ఎప్పుడు జరుగుతుందో తెలుసా? దానం మాట వచ్చినప్పుడు. దానం ఊసే లేని చోట చాలా ఆసుపత్రుల్లో ఆ పరీక్షే పూర్తిగా చేయరు. ‘పరిస్థితి బాగాలేదు, చూద్దాం’ అంటారు. గుండె ఆగేదాకా వెంటిలేటర్ నడుస్తుంది, ఒక్కోసారి రెండ్రోజులు, ఒక్కోసారి వారం.

బాబాయి: ఎందుకు? చచ్చిపోయినవాడికి వెంటిలేటర్ ఎందుకు?

చెల్లెలు: మెదడు కాండం చనిపోతే మనిషి చనిపోయినట్లేనని రాసి ఉన్నది మార్పిడి చట్టంలోనే గనక. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలో ఆ మాట లేదు. దానం లేకుండా వెంటిలేటర్ తీస్తే రేపు కేసు పెడతారేమోనని డాక్టర్లకు భయం. ఇక ఇంటివాళ్ల వైపు నుంచి చూడండి. సరే అంటే మావాడు పోయినట్లు. వద్దంటే ఇంకా ఉన్నట్లు. ఇంకోటి కూడా ఉంది. 2014 నిబంధనల ప్రకారం ఒప్పుకున్న దగ్గర్నుంచి అవయవాలు కాపాడటానికయ్యే ఖర్చు దాత కుటుంబం మీద పడకూడదు. ఆ నిబంధన మంచిదే. కానీ వద్దన్నవాళ్లకు? వాళ్ల బిల్లు మీటరు తిరుగుతూనే ఉంటుంది. పల్నాడు నుంచి పుస్తెలు తాకట్టు పెట్టి వచ్చినావిడ ముందు నేను రెండు కాగితాలు పెట్టినట్టే కదా. ఒకదాని మీద సంతకం పెడితే భర్త చావు, అప్పు ఆగిపోవడం. పెట్టకపోతే భర్త ఊపిరి, పెరిగే అప్పు. ఆవిడ సరే అంటే అది అంగీకారమని ఏ మొహం పెట్టుకుని రాయను?

బాబాయి: అంటే ఒకే మనిషి ఒక కాగితానికి శవం, ఇంకో కాగితానికి సజీవం.

చెల్లెలు: అంతే.

బాబాయి: ఏ న్యాయశాస్త్రంలోనూ అది చెల్లదు తల్లీ. మనిషి పోయాడా లేదా అన్నది వాడి అవయవాలు ఎవరికైనా పనికొస్తాయా లేదా అన్నదాని మీద ఆధారపడకూడదు. పడితే అది మరణ నిర్ధారణే కాదు.

చెల్లెలు: కేరళ 2020లో రెంటినీ విడదీస్తూ ఆదేశాలిచ్చింది. దానం చేసినా చేయకపోయినా బ్రెయిన్ డెత్ నిర్ధారణ దాని పాటికి అది జరగాలంది. మన దగ్గర మాత్రం అందరికీ తెలిసింది హైదరాబాద్ మెట్రో రైలే. 2021 ఫిబ్రవరిలో నాగోలు నుంచి జూబ్లీహిల్స్ దాకా గుండె పెట్టె తీసుకెళ్లడం టీవీల్లో అంతా చూశారు. అవయవాల కోసం దారి ఖాళీ చేయించే గ్రీన్ ఛానెల్ అంటే పిల్లలకు కూడా తెలుసు. ఆ పెట్టె బయల్దేరకముందు ఐసీయూ బయట ఆ గదిలో ఏ మాటలు నడిచాయో ఎవరూ అడగరు. పైగా అప్పుల్లో ఉన్నవాళ్లకు లక్షలు ఆశ చూపి కిడ్నీ తీసుకుని, చేతిలో చిల్లర పెట్టి పంపిన కేసులు మన గుంటూరులో, విశాఖలో పోలీసుల దాకా వచ్చాయి. బతికినవాళ్ల కిడ్నీ వ్యాపారం వేరు, మాది వేరు అని నాకు తెలుసు. వరండాలో కూర్చున్నాయనకు రెండూ ఒకటే. అలాంటివాళ్ల ఎదుట ‘చట్టం ప్రకారం మిమ్మల్ని అడగనక్కర్లేదు’ అన్నానంటే, ఆ ఒక్క దానం జరుగుతుందేమో. ఆ ఊరు నుంచి ఇంకొకటి ఎప్పటికీ రాదు.

నేను చెల్లెలి పక్షం, ఈ కారణంగానే. వద్దన్నవాళ్లు నష్టపోయే చోట సరే అన్నవాళ్ల సంతకాన్ని నేను నమ్మలేను. ప్రభుత్వాలు దాతల్ని గౌరవిస్తున్నాయి, తమిళనాడు 2023లో దాతల అంత్యక్రియలకు అధికార లాంఛనాలు ప్రకటించింది. నాకు అది చూస్తే సంతోషమే. కానీ కాదన్న కుటుంబానికి కూడా అదే రోజు మరణ ధ్రువపత్రం రాసి, వెంటిలేటర్ తీసి, బిల్లు ఆపి, బిడ్డను ఇంటికి పంపే ఆసుపత్రి కావాలి. అది చేయడానికి దేశంలో డబ్బు అడ్డం కాదు, చట్టంలో లేని నాలుగు వాక్యాలే అడ్డం. ఇంత చిన్న పని ఇన్నేళ్లుగా పడి ఉండటం నాకు కోపం తెప్పిస్తుంది. బాబాయి మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు.

బాబాయి: నువ్వన్న లోపం పెద్దదే, ఒప్పుకుంటాను. కానీ అది సంతకాన్ని పక్కన పెట్టడానికి కారణం కాదు. ఆసుపత్రి తప్పుకు చనిపోయినవాడి మాట ఎందుకు ఓడిపోవాలి? అమెరికాలో ఉన్న మన పిల్లల లైసెన్సుల మీద దాత అని గుర్తుంటుంది చూడు. 2006లో సవరించిన నమూనా చట్టం ప్రకారం అక్కడ పెద్దవాడు చేసిన దానాన్ని ఇంటివాళ్లు రద్దు చేయలేరు. వాళ్లకు చెబుతారు, ఓదారుస్తారు, సమయమిస్తారు. ‘చేయమంటారా వద్దా’ అని మాత్రం అడగరు. అడిగితే నిర్ణయం వాళ్ల నెత్తిన పెట్టినట్టు. ఏడుస్తున్న మనిషికి అది ఇంకో బరువు. మీరు దయ అనుకుని చేసేది ఒక్కోసారి క్రూరత్వం.

చెల్లెలు: అది నిజం. ‘ఆయన ఏమనుకునేవారో మాకు తెలియదమ్మా, తెలిస్తే అదే చేసేవాళ్లం’ అని ఏడ్చినవాళ్లు ఉన్నారు. తెలిసినచోట పని తేలిక. ఆ మధ్య ఒకాయన చొక్కా జేబులో కార్డు దొరికితే కూతురే తెచ్చిచ్చింది. నేను నోరు తెరిచి అడగలేదు కూడా.

బాబాయి: సరే, కాగితం మీద పెడదాం. ఒకటి: మెదడు కాండం చనిపోతే అందరికీ అది మరణమే. దానం మాట ఉన్నా లేకపోయినా ఆసుపత్రి నిర్ధారించి తీరాలి, వెంటిలేటర్ తీసే అధికారం డాక్టరుకు ఉండాలి, అక్కడి నుంచి బిల్లు వేయకూడదు. రెండు: దగ్గరి బంధువు సాక్షిగా ఉన్న సంతకానికి ఎదురులేదు.

చెల్లెలు: మొదటిది ఇవాళే రాయండి. మొదటిది కొన్నేళ్లు నడిచి, జనం చూశాక రెండోది రాయండి.

బాబాయి: కొన్నేళ్లంటే? 2011లో పార్లమెంటు ఈ మార్పిడి చట్టానికి చేసిన సవరణను తెలంగాణ శాసనసభ 2025 మార్చిలో గానీ స్వీకరించలేదు. 14 ఏళ్లు! నీ మొదటిది రావడానికి అంతకాలం, జనం చూడటానికి ఇంకొంత కాలం. అప్పటికి నీ లిస్టులో ఎంతమంది మిగులుతారు?

చెల్లెలు: ఎక్కువమంది మిగలరు. వాళ్ల ఫోన్ నంబర్లు నా దగ్గరున్నాయి బాబాయ్, డయాలసిస్ రోజులు ఎవరివి ఎప్పుడో నోటికొచ్చు. తెలిసే చెబుతున్నాను. మీరన్న ఒక్కటి మాత్రం రేపట్నుంచి చేస్తాను. కార్డున్నవాళ్ల దగ్గర ‘ఏమంటారు’ అని మొదలుపెట్టను. ‘ఆయన ఇలా కోరుకున్నారు’ అని మొదలుపెడతాను. ఆ తర్వాత కూడా భార్య వద్దంటే ఫైలు మూసేస్తాను.

బాబాయి: నేను మూయను.

చెల్లెలు: అయితే ఆవిడ ఎదుటికి మీరే రావాలి. సెక్షన్ చదివి వినిపించి, ఆవిడ చెయ్యి ఆ మంచం మీంచి మీరే తీయాలి.

బాబాయి: వస్తాను. ఏ వేళైనా సరే, ఫోన్ చెయ్యి.